పని కుదిరితే ధ్యాస కుదురుతుంది

(శ్రీకాకుళంలోని ఒక పాఠశాల హాల్లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ముందు ధ్యాస నిలవని, కుదురుగా కూర్చోలేని పిల్లల గురించి ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళు వాళ్ళని కదలకుండా కూర్చోబెట్టాలని కష్టపడొద్దు. తిరగనివ్వండి. ఈ రోజు మాట్లాడుకునేది వాళ్ళ గురించే. వాళ్ళు తిరిగితే నాకేం ఇబ్బంది లేదు.

ముందుగా ఒకటి అడుగుతాను. బడి ఉన్న రోజు పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మీ ఇంట్లో ఏం వినిపిస్తుంది? "లేవరా. లేచావా? బ్రష్ చేశావా? ఇంకా బాత్రూంలో ఏం చేస్తున్నావు? సాక్సు ఒకటే వేసుకున్నావేం? రెండోదేదీ? బ్యాగు సర్దావా? ఆటో వచ్చేసింది!" నవ్వుతున్నారు కదా. చాలా ఇళ్ళలో ఇదే పాట. కానీ కొన్ని ఇళ్ళలో ఈ పాట రోజూ, ఏళ్ళ తరబడి, ఏడుపుతోనో దెబ్బతోనో ముగుస్తుంది. నేను వచ్చింది ఆ ఇళ్ళ కోసం.

నా దగ్గరికి వచ్చే అమ్మలు చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే. "మా గుంటడు ఒక్కచోట కూకోడమ్మా." రెండో మాట, "తెలివుంది, ధ్యాసే లేదు." మూడో మాట కొంచెం ఆగి, గొంతు తగ్గించి చెబుతారు. "కావాలనే చేస్తన్నాడేమో అనిపిస్తాది." ఆ మూడో మాట దగ్గరే మనం కాసేపు ఆగాలి. ఎందుకంటే కావాలని చేస్తున్నాడు అనుకుంటే మన చెయ్యి లేస్తుంది. చేతకాక చేస్తున్నాడు అని తెలిస్తే, సాయం చేయడానికి అదే చెయ్యి ముందుకొస్తుంది.

ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం, ఆగలేకపోవడం, ఈ ఇబ్బందిని డాక్టర్లు ఏడీహెచ్‌డీ అంటారు. కావాలని చేయడం లేదని నేను ఎలా చెప్పగలను? అమెరికాలో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడునీ, లేని పిల్లల మెదడునీ కొన్నేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి పోల్చారు. 2007లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. మెదడు పైపొరలో సగం భాగం ఎదిగి పూర్తి మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో 7.5 ఏళ్ళ దగ్గర ఉంటే, ఈ పిల్లల్లో 10.5 ఏళ్ళ దగ్గర ఉంది. అంటే సుమారు మూడేళ్ళ ఆలస్యం. ఆ ఆలస్యం ఎక్కువగా కనిపించింది ఎక్కడ? నుదుటి వెనక ఉండే భాగంలో. ఆగడం, ముందు ఏది తర్వాత ఏది అని వరస పెట్టుకోవడం, విన్నమాటని కాసేపు మనసులో పట్టుకుని ఉండడం, ఇవన్నీ ఆ భాగం చూసుకునే పనులు. మీ పదేళ్ళ బాబు లెక్కల్లో పదేళ్ళవాడే, మాటల్లో పన్నెండేళ్ళవాడు కావచ్చు, బ్యాగు సర్దుకోవడంలో మాత్రం ఏడేళ్ళవాడిలా ఉంటాడు. ముగ్గురూ ఒక్కడే. మనకి కోపం వచ్చేది ఆ మూడోవాడిని చూసి.

ఇది విని ఎవరూ స్కానింగుకి పరిగెత్తొద్దు. స్కాన్ చూసి ఏడీహెచ్‌డీ అని తేల్చరు. పిల్లల డాక్టరో మానసిక వైద్యులో మీతో మాట్లాడి, టీచర్ల దగ్గర కనుక్కుని, పిల్లవాడిని చూసి తేలుస్తారు. వాళ్ళు చూసేది ఏమిటి? ఈ లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉన్నాయా, పన్నెండేళ్ళ వయసు లోపే కనిపించాయా, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా ఉన్నాయా, వాటివల్ల రోజువారీ జీవితం దెబ్బతింటోందా. బడిలోనే ఉండి ఇంట్లో లేకపోతే ముందు ఆ బడిలో ఏం జరుగుతోందో చూడాలి. చెవి సరిగా వినిపించని పిల్లవాడు కూడా ధ్యాస లేనట్టే ఉంటాడు. కళ్ళజోడు కావలసిన పిల్ల బోర్డు వైపు చూడదు. రక్తం తక్కువైతే మందకొడిగా ఉంటారు. రాత్రి గురక పెట్టి సరిగా నిద్రపోని పిల్లలు పగలు చిరాగ్గా గెంతుతుంటారు. కొందరు పిల్లలు కొన్ని క్షణాలు అలా శూన్యంలోకి చూసి ఉండిపోతారు. అది పరధ్యానం కాకుండా ఒక రకం ఫిట్స్ కావచ్చు. కాబట్టి చెవి, కన్ను, రక్తం, నిద్ర, ఇవి ముందు చూపించండి. థెరపీ సంగతి ఆ తర్వాత.

ప్రపంచవ్యాప్తంగా చేసిన అధ్యయనాలు చూస్తే వందమంది పిల్లల్లో సుమారు ఐదుగురికి ఈ ఇబ్బంది ఉంటుందని అంచనా. మాస్టారూ, మీ క్లాసులో నలభైమంది ఉంటే ఇద్దరు అనుకోండి. ఒకడి పేరు మీకు వెంటనే గుర్తొచ్చి ఉంటుంది. వాడు బెంచీ ఎక్కేవాడు. రెండోది బహుశా ఒక ఆడపిల్ల. కిటికీ పక్కన నిశ్శబ్దంగా కూర్చుంటుంది, ఎవరినీ ఏమీ అనదు, నోట్సు సగంలో ఆపేస్తుంది. ఆ అమ్మాయిని ఎవరూ నా దగ్గరికి పంపరు. "నెమ్మదస్తురాలు, చదువు అంతగా రాదు" అనేసి ఊరుకుంటారు. దయచేసి ఆ అమ్మాయిని కూడా చూడండి.

సరే, ఇప్పుడు నా పని గురించి. ఆక్యుపేషనల్ థెరపీ అంటే పత్రికల్లో కొన్నిసార్లు వృత్తి చికిత్స అని రాస్తారు. అది చదివి ఒక తండ్రి నా దగ్గరికి వచ్చి "మావాడికి ఎనిమిదేళ్ళే కదమ్మా, అప్పుడే వృత్తి ఏంటి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆక్యుపేషన్ అంటే ఇక్కడ ఉద్యోగం కాదు. మనిషి రోజంతా చేసుకునే పనులు. పళ్ళు తోముకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకుని తినడం, రాయడం, ఆడుకోవడం, స్నేహం చేయడం, నిద్రపోవడం. పిల్లల వృత్తి ఇదే కదా? ఈ పనుల్లో ఏది ఎందుకు కుదరడం లేదో కనిపెట్టి, కుదిరేలా చేయడం మా పని. 1950లో కమలా నింబ్కర్ అనే ఆమె ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మన దేశంలోకెల్లా మొదటి ఆక్యుపేషనల్ థెరపీ బడి పెట్టారు. రెండేళ్ళకి 1952లో దేశవ్యాప్త సంఘం ఏర్పడింది. అంటే ఇదేమీ నిన్నా మొన్నా వచ్చిన ఫ్యాషన్ కాదు. మన జిల్లాల దాకా రావడమే ఆలస్యమైంది.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో గాయపడిన సైనికులకు నేత, బుట్టల అల్లిక, వడ్రంగం నేర్పుతూ ఈ వైద్యం పెరిగింది. కాలేజీలో ఆ పాఠం చదివినప్పుడు నాకు మా పొందూరు గుర్తొచ్చింది. అక్కడ నూలు వడికే అమ్మల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం, ఏకడం, తర్వాత రాట్నం దగ్గర కూర్చుని సన్నటి దారం తీయడం. ఒక చెయ్యి తిప్పుతుంది, ఒక చెయ్యి లాగుతుంది, కన్ను దారం మీద ఉంటుంది. వాళ్ళకి ఎవరూ "ధ్యాస పెట్టు" అని చెప్పరు. పనే ధ్యాసని పట్టి ఉంచుతుంది. దారం తెగితే వెంటనే తెలుస్తుంది, ముడి వేస్తే వెంటనే సాగుతుంది. ఎత్తు సరిపోయింది, చేతికి అలవాటైంది, ఫలితం కళ్ళముందే ఉంది. ఇలా పని మనిషికి అమిరిన చోట ధ్యాస దానంతట అదే నిలుస్తుంది. నేను చేసే థెరపీ అంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. పిల్లవాడికి ధ్యాస నేర్పాలని నేను బయల్దేరను. పనిని పిల్లవాడికి అమరుస్తాను.

అది ఎలాగో ఒక బాబు గురించి చెబితే తెలుస్తుంది. పేరు, ఊరు చెప్పను. మూడో తరగతి. ఫిర్యాదు ఏమిటంటే నోట్సు పూర్తి చేయడు, మాటిమాటికీ లేస్తాడు, పెన్సిల్ కింద పడేసి బెంచీల కింద పాకుతాడు. ఇంట్లో వాళ్ళు "ఫోనిస్తే గంట కూర్చుంటాడమ్మా, పుస్తకం ఇస్తే నిమిషం కూర్చోడు" అన్నారు. నేను గదిలో కూర్చోబెట్టి పరీక్షలు పెట్టడానికి ముందు వాళ్ళ బడికి వెళ్ళాను. వెనక బెంచీలో కూర్చుని రెండు పీరియడ్లు చూశాను.

ఏం చూశానంటే, బెంచీ పెద్దపిల్లలది. వాడి కాళ్ళు నేలకి అందడం లేదు, గాల్లో ఊగుతున్నాయి. మీరు ఒకసారి కాళ్ళు నేలకి ఆనకుండా కూర్చుని పది నిమిషాలు రాసి చూడండి. నడుము జారుతుంది, మోచేతులు బల్లమీద వేలాడతాయి. వాడు నిలబడి రాస్తున్నాడు, ఎందుకంటే నిలబడితేనే వాడి ఒళ్ళు వాడికి దక్కుతోంది. వాడి చోటు తలుపు పక్కన. బయట వరండాలో ఎవరు నడిచినా తల తిరుగుతోంది. బోర్డు మీద ఉన్నది చూసి రాసుకోవాలి. ఒక్కో మాటకి నాలుగుసార్లు తల ఎత్తుతున్నాడు. తల దించేసరికి చూసింది పోతోంది. ఇక పెన్సిల్ పట్టుకున్న తీరు! పిడికిలి బిగించి, కాగితం చిరిగేంతగా నొక్కుతున్నాడు. నాలుగు లైన్లకే చెయ్యి నొప్పి. విదిలించుకుంటున్నాడు. అప్పుడే పెన్సిల్ కింద పడుతోంది. దాన్ని వెతుక్కోవడానికి కిందికి దిగితే ఒంటికి కాస్త కదలిక దొరుకుతోంది, హాయిగా ఉంది, కాబట్టి పైకి రావడం లేదు.

ఇప్పుడు చెప్పండి. వాడికి లేనిది ధ్యాసేనా? ఉన్న కొద్ది ధ్యాస అంతా జారిపోకుండా కూర్చోవడానికీ, పెన్సిల్ పట్టుకోవడానికీ ఖర్చయిపోతోంది. పాఠానికి ఏం మిగులుతుంది?

మేం చేసినవి ఏవీ పెద్ద ఖర్చువి కావు. కాళ్ళ కింద ఒక చెక్కపెట్టె పెట్టాం. రాసేటప్పుడు పాదం నేలమీదో పీటమీదో పూర్తిగా ఆనాలి, మోకాలు, నడుము మూలమట్టంగా ఉండాలి, మోచెయ్యి ఎత్తులో బల్ల ఉండాలి. చోటు మార్చి ముందు నుంచి రెండో బెంచీలో గోడవైపు కూర్చోబెట్టాం. బోర్డు చూసి రాయడానికి బదులు పక్కవాడి నోట్సు వాడి పుస్తకం పక్కనే పెట్టాం. పది లైన్లు రాసేచోట ఐదు చాలని టీచరుగారు ఒప్పుకున్నారు. ఆవిడకి నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. పీరియడ్ సగంలో పుస్తకాలు పంచే పని, బోర్డు తుడిచే పని వాడికే అప్పగించారు. అంటే లేవడం తప్పు కాకుండా పని అయింది. చేతివేళ్ళ కోసం ఇంట్లో చపాతీ పిండి పిసకడం, బట్టలకి క్లిప్పులు పెట్టడం, చిక్కుడుకాయలు ఒలవడం. వాడు మరుసటి వారానికే మారిపోలేదు. నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ అక్షరాలు అందంగా ఉండవు. కానీ ఐదు లైన్లు పూర్తి చేసి తనే లేచి వెళ్ళి చూపిస్తున్నాడు.

ఇంట్లో పొద్దుటి సంగతి

మొదట్లో అడిగాను కదా, ఏడు నుంచి ఎనిమిదిన్నర. దానికి వద్దాం. "త్వరగా తయారవ్వు" అంటాం. అది ఒక పని అనుకుంటున్నారా? లెక్కపెట్టండి. లేవడం, పక్క తీయడం, బ్రష్ మీద పేస్టు పెట్టడం, తోమడం, స్నానం, తుడుచుకోవడం, డ్రాయరు, బనీను, చొక్కా, ప్యాంటు, సాక్సు, తల దువ్వుకోవడం, టిఫిను, బ్యాగు, నీళ్ళసీసా, బూట్లు. పదహారు. పెద్దవాళ్ళకి ఇది ఒక దారంలో గుచ్చిన పూసల్లా ఉంటుంది. ఈ పిల్లలకి దారం ఉండదు, విడి పూసలు. బాత్రూంలో సబ్బు నురగ కనిపిస్తే ఆ పూస దగ్గరే ఆగిపోతారు.

కాబట్టి దారం బయట కట్టాలి. గోడమీద బొమ్మలు అతికించండి. బ్రష్, బకెట్, చొక్కా, పళ్ళెం, బ్యాగు, ఐదారు బొమ్మలు చాలు. పిల్లవాడి చేతే గీయించండి, వాడు గీసిన దాన్ని వాడు చూస్తాడు. ఒక్కోటి అవగానే దానికి క్లిప్పు పెట్టాలి. అప్పుడు మీరు "బ్రష్ చేశావా" అని అరవక్కర్లేదు. "గోడమీద ఎక్కడున్నావు?" అని అడిగితే చాలు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పిల్లవాడు మీ గొంతుకి భయపడి కదలడం వేరు, తన జాబితా చూసుకుని కదలడం వేరు.

రాత్రే చేయగలిగినవి రాత్రే చేయండి. బ్యాగు, యూనిఫాం, సాక్సులు తలుపు దగ్గర ఒకేచోట ఉండాలి. ఏదైనా చెప్పాలంటే వంటింట్లోంచి కేక వేయకండి. దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, కళ్ళలోకి చూసి ఒక్కటే చెప్పండి. "ఇప్పుడు చొక్కా." వాడితో తిరిగి చెప్పించండి. మూడు పనులు కలిపి చెబితే మూడోది మాత్రమే వినిపిస్తుంది, లేదంటే అదీ వినిపించదు.

బూట్ల లేసు కట్టడం లాంటి కష్టమైన పనులు చివరి మెట్టు నుంచి నేర్పండి. అంటే ముందు అంతా మీరు కట్టి, చివర్లో గట్టిగా లాగడం మాత్రం వాడికి వదలండి. లాగగానే ముడి బిగుస్తుంది, వాడి చేతిలోనే పని పూర్తయింది. అది వచ్చాక దాని ముందు మెట్టు. మొదటినుంచి మొదలుపెడితే పిల్లవాడికి మిగిలేది సగంలో ఓడిపోవడం. చివరినుంచి వస్తే ప్రతిరోజూ గెలుపుతో ముగుస్తుంది. వీళ్ళు అప్పటికే చాలాసార్లు ఓడిపోయి వచ్చిన పిల్లలు. ఆ సంగతి మరచిపోవద్దు.

కాలం గురించి ఒక మాట. "పది నిమిషాల్లో రా" అంటే ఈ పిల్లలకి పది నిమిషాలు ఎంతో తెలియదు. ఇప్పుడు, ఇప్పుడు కాదు, రెండే కాలాలు వాళ్ళకి. కాలాన్ని కళ్ళకి కనిపించేలా చేయాలి. ఇసుక గడియారం దొరికితే మంచిది. లేకపోతే పాత గోడగడియారం అద్దం మీద రంగు కాగితం ముక్క అంటించండి. ముల్లు ఈ ఎరుపు దాటేలోపు స్నానం అవ్వాలి. ఫోనులో టైమరు పెట్టొచ్చు కానీ ఫోను కళ్ళముందు ఉంటే ఇక టైమరు ఎవరు చూస్తారు?

బాగా చేసినప్పుడు వెంటనే చెప్పండి, ఏం బాగా చేశాడో చెప్పండి. "గుడ్ బాయ్" అంటే వాడికి ఏమీ అందదు. "అడక్కుండానే పళ్ళెం సింకులో పెట్టావు" అనండి. మా సెంటర్లో ఒక అమ్మమ్మ ఉంది. కొడుకూ కోడలూ పనికోసం హైదరాబాదులో ఉంటే మనవడిని ఊళ్ళో తనే పెంచుతోంది. ఆవిడ గాజు సీసాలో చింతపిక్కలు వేయడం మొదలుపెట్టింది. పని పూర్తయితే ఒక పిక్క. ఇరవై అయితే సాయంత్రం చెరువు గట్టుకి తీసుకెళ్ళాలి. చదువుకోని మనిషి. ఒక్క రోజు తప్పలేదు, ఇచ్చిన పిక్క కోపం వచ్చినా తిరిగి తీసుకోలేదు. ఈ రెండోది చాలామంది తల్లిదండ్రులు చేయలేరు. సంపాదించుకున్నది లాక్కుంటే మర్నాటినుంచి పిల్లవాడికి ఆ సీసా మీద నమ్మకం పోతుంది.

మన జిల్లాలో ఇలాంటి అమ్మమ్మలూ నాయనమ్మలూ ఎంతమందో మీకు తెలుసు. విశాఖ, హైదరాబాదు వలస వెళ్ళినవాళ్ళు, గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకి వెళ్ళినవాళ్ళు. పిల్లలు ఇక్కడ పెద్దవాళ్ళ దగ్గర. డాక్టర్లకీ టీచర్లకీ నాదొక విన్నపం. చెప్పేది ఆ పెద్దావిడకి అర్థమయ్యేలా చెప్పండి. ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి పంపొద్దు.

ఇంకొకటి. "వీళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడమ్మా" అని పెద్దవాళ్ళు అంటుంటారు. అది నిజమే కావచ్చు. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో బాగా వారసత్వంగా వచ్చేది. పెంపకం తప్పు వల్ల వచ్చేది కాదు. తల్లి గారాబం వల్ల వచ్చిందని అత్తగారి దగ్గర మాటలు పడుతున్న కోడళ్ళు ఈ హాల్లో ఉంటే, ఈ మాట ఇంటికి తీసుకెళ్ళి చెప్పండి. నేను చెప్పానని చెప్పండి.

ఊయలలు, బరువు జాకెట్లు, మందులు

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన సెంటర్లో గదినిండా ఊయలలు, పెద్ద బంతులు, గెంతే ట్రాంపోలిన్ ఉండేవి. ఏ పిల్లవాడు వచ్చినా నలభై అయిదు నిమిషాలు ఊపి, గెంతించి పంపేవాళ్ళం. నేనూ అదే చేశాను. ఒక పాపని ఎనిమిది నెలలు అలాగే ఊపాను. పాప ఆనందంగా వచ్చేది, నవ్వుతూ వెళ్ళేది. ఒకరోజు వాళ్ళమ్మ "మేడం, ఇంట్లో ఏదీ మారలేదండి, ఇంకా నేనే అన్నం తినిపిస్తున్నాను" అంది. బస్సు ఛార్జీలు పెట్టుకుని, కూలి పని మానుకుని వారానికి రెండుసార్లు వచ్చిన మనిషి ఆవిడ. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఇంట్లో అన్నం ఎలా తింటున్నారో నేను అడగలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అప్పటినుంచి మొదటిరోజే అడుగుతాను. "మీ ఇంట్లో ఏ మూడు పనులు కుదిరితే మీకు ఊపిరాడుతుంది?" ఆ మూడే రాసుకుంటాను, మూడు నెలల తర్వాత వాటినే కొలుస్తాను.

ఇంద్రియ అనుసంధానం, సెన్సరీ ఇంటిగ్రేషన్ అనే మాట మీరు విని ఉంటారు. జీన్ ఏయర్స్ అనే అమెరికన్ థెరపిస్టు తెచ్చిన ఆలోచన. స్పర్శ, కదలిక, శరీరం ఎక్కడుందో తెలియడం, ఇవి సరిగా కలవకపోతే నేర్చుకోవడం కష్టమవుతుంది అని ఆవిడ చెప్పారు. ఆ చూపు నాకు చాలా ఉపయోగపడింది. చొక్కా కాలరు లేబుల్ గుచ్చుకుని విలవిల్లాడే పిల్లని అర్థం చేసుకోవడానికి అదే దారి. కానీ ఊయల ఊపితే ఏడీహెచ్‌డీ తగ్గుతుంది అనడానికి గట్టి ఆధారాలు లేవు. ఒంటికి బరువు తగిలితే కుదురుగా ఉంటారని తొడిగే బరువు జాకెట్లకీ అంతే. మెదడుకి వ్యాయామం అని అమ్మే ఫోను గేముల్లో పిల్లలు ఆ గేములో మెరుగవుతారు, హోంవర్కులో మాత్రం ఆ మెరుగు కనిపించదు. డబ్బు కట్టే ముందు అడగండి. "దీనివల్ల మా ఇంట్లో ఏ పని మారుతుంది? ఎన్నాళ్ళలో?" జవాబు చెప్పలేనిచోట ఆగిపోండి.

మరి కదలిక వద్దా? కావాలి, చాలా కావాలి. ఒళ్ళు అలిసేలా ఆడిన తర్వాత కాసేపు ధ్యాస మెరుగ్గా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. దానికి ట్రాంపోలిన్ అక్కర్లేదు. హోంవర్కుకి ముందు బోరింగు నుంచి రెండు చిన్న బకెట్లు నీళ్ళు మోయించండి. వీధిలో పరిగెత్తనివ్వండి. మన ఆటలున్నాయి. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద ఆగాలి, గీత తొక్కకూడదు. గచ్చకాయల్లో కన్నూ చెయ్యీ కలవాలి. వామనగుంటల్లో తన వంతు వచ్చేదాకా చెయ్యి ఆపుకోవాలి, ఎన్ని గింజలున్నాయో మనసులో పెట్టుకోవాలి. ఆగడం నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆటలో మీరు కూడా కూర్చోవాలి. అది మాత్రం తప్పదు.

కొంచెం పెద్ద పిల్లలకి, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి, ఇంకో పద్ధతి ఉంది. కెనడాలో హెలీన్ పొలటైకో, ఆవిడతో పనిచేసినవాళ్ళు, చేతిపనుల్లో పొందిక తక్కువగా ఉన్న పిల్లల కోసం మొదలుపెట్టింది. నాలుగు మాటలు. ఏం చేయాలి? ఎలా చేస్తావు? చేసి చూడు. కుదిరిందా? ఇందులో జవాబులు పిల్లవాడే చెప్పాలి, మనం చెప్పకూడదు. ఒక అమ్మాయి రోజూ జామెట్రీ బాక్సు మరచిపోయేది. "ఎలా చేస్తావు?" అని అడిగితే, "టిఫిన్ డబ్బా ఎప్పుడూ మరచిపోను, బాక్సుని దాని కింద పెడతాను" అంది. అంత మంచి ఉపాయం నాకు తోచలేదు. తను కనిపెట్టింది కాబట్టి తను మరవలేదు.

మందుల సంగతి అడుగుతారని తెలుసు. నేను డాక్టర్ని కాదు, మందు రాయను, మానమనీ చెప్పను. నాకు తెలిసింది ఇది. ఆరేళ్ళ లోపు పిల్లలకి మందుకంటే ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకంటే పెద్దవాళ్ళలో మందు చాలామందికి బాగా పనిచేస్తుంది. ఆకలి తగ్గడం, నిద్ర తగ్గడం లాంటివి ఉండొచ్చు కాబట్టి డాక్టరు బరువు, ఎత్తు చూస్తూ ఉంటారు. మందు ధ్యాసకి తలుపు తెరుస్తుంది. తలుపు తెరిచాక బ్యాగు సర్దుకోవడం ఎవరో నేర్పాలి కదా? అక్కడ మేమొస్తాం. కాబట్టి థెరపీ మొదలుపెట్టాం కదా అని మందు మీ అంతట మీరు ఆపేయకండి. మందు వాడుతున్నాం కదా అని థెరపీ వద్దనుకోకండి.

ఎక్కడికి వెళ్ళాలి? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అంగన్‌వాడీలకీ ప్రభుత్వ బడులకీ ఆరోగ్య బృందాలు వచ్చి పుట్టినప్పటినుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి, అంటే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. బృందం వచ్చిన రోజు మీ అనుమానం నోరు తెరిచి చెప్పండి. జ్వరం లాగా ఇది ఒంటిమీద చెయ్యి వేస్తే తెలిసేది కాదు. మండలాల్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ఐఈఆర్‌పీ టీచర్లని, అంటే ఈ పిల్లలకి నేర్పే ప్రత్యేక టీచర్లని కలవండి. ఒక్కమాట మాత్రం తెలుసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో విడిగా లేదు. చదవడం, రాయడం, లెక్కల్లో ఉండే ప్రత్యేక అభ్యసన వైకల్యం ఉంది. ఈ రెండూ ఒకే పిల్లవాడిలో కలిసి ఉండడం మామూలే. అందుకని ధ్యాస సమస్య అనగానే ఆగిపోకుండా, చదవడం రాయడం కూడా పరీక్ష చేయించండి.

మాస్టారూ, మీరు చెయ్యి ఎత్తారు, మీ ప్రశ్న నాకు తెలుసు. నలభైమంది మధ్య ఒకడి కోసం ఇవన్నీ ఎలా? నిజమే, అన్నీ చేయలేరు. నేను మూడు అడుగుతాను. వాడి చోటు మార్చండి. కాళ్ళకింద ఏదైనా పెట్టండి. ఇరవై నిమిషాలకోసారి క్లాసు మొత్తాన్ని లేపి, చేతులు గోడకి ఆనించి గట్టిగా తోయమనండి, అర నిమిషం. వాడొక్కడికే కాదు, మిగిలిన ముప్పై తొమ్మిదిమందికీ హాయిగా ఉంటుంది. ఇంకోటి, ఆటల పీరియడ్ మాన్పించడం మాత్రం శిక్షగా వేయొద్దు. వాడికి అది అన్నం మాన్పించినట్టే.

చాలాసేపైంది. బయట వరండాలో నాలుగు రకాల ఎత్తుల్లో బెంచీలు, కొన్ని చెక్కపెట్టెలు, పాత పేపర్ల కట్టలు పెట్టించాను. మీ పిల్లల్ని తీసుకుని రండి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎవరి కాళ్ళకి ఎంత ఎత్తు కావాలో కొలిచి చీటీ రాసిస్తాను. చీటీ మీ టీచరుగారికి ఇవ్వండి. రంగు పెన్సిళ్ళు, కాగితాలు కూడా ఉన్నాయి. గోడ బొమ్మలు పిల్లలు ఇక్కడే మొదలుపెట్టొచ్చు. ఆ నీలం చొక్కా బాబు ఇందాకటినుంచి తలుపు దగ్గరే తిరుగుతున్నాడు. ముందు వాడిదే కొలుద్దాం, రా నాన్నా.